నాలుగు వేళ్ళ ఎత్తున కుళాయి

మూడు గంటలకి ఆసుపత్రి నడవాలో బల్ల మీద కూర్చునేసరికి నా దగ్గర ఉన్నవి ఇవి: పద్దెనిమిదో నంబరు బిళ్ళ ఒకటి, కొట్టు తాళాల గుత్తి ఒకటి, చెమటకి తడిసిన చేతిరుమాలు ఒకటి, నాలుగింటికి లోపలికి వదిలేదాకా అరవై నిమిషాలు, నాది కాని మాట ఒకటి. మొదటి నాలుగూ ఎవరైనా చూసి చెప్పగలరు. అయిదోది ఆరేళ్ళుగా నా దగ్గరే ఉంది. అది మా తమ్ముడికి చేరాల్సిన సరుకు. పొరపాటున నా గుమ్మంలోకి వచ్చింది, నేను దింపుకున్నాను, లోపల పెట్టి తాళం వేశాను. ఇవాళ వాడికి అప్పజెప్పాలి. అందుకోగలడో లేదో తెలీదు. రెండు నెలల కిందట అచ్చాఫీసులో ప్రూఫులు చూస్తూ చూస్తూ కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోట మాట పోయింది. ఆ కబురు నాకు పది రోజుల కిందట, అదీ మా నూనె కొట్లో మడ్డి పట్టుకెళ్ళే సబ్బులాయన చెబితే తెలిసింది. "మీ తమ్ముడుగారికి ఎలా ఉందండీ" అని అడిగాడు. "బాగానే ఉంది" అన్నాను. ఏం జరిగిందో తెలియకుండానే బాగానే ఉందనడం నాకు అలవాటు. ఆ తర్వాత లోపలికి వెళ్ళి మరదలికి ఫోను చేశాను. ఆరేళ్ళ తర్వాత ఆ అమ్మాయి గొంతు విన్నాను. "రండి బావగారూ, రావద్దనడానికి నేనెవర్ని. కానీ పాత సంగతులేవీ కదపకండి. ఇప్పుడిప్పుడే మనిషి కాస్త నిమ్మళించాడు" అంది.

నిమ్మళించాడు. ఆ మాట ఆ అమ్మాయికి మా అమ్మ దగ్గర్నించి వచ్చింది. మా అమ్మ రోజుకి పదిసార్లు అనేది. జ్వరం తగ్గితే నిమ్మళించింది, ఏడుపు ఆగితే నిమ్మళించాడు, వాన వెలిస్తే నిమ్మళించింది. గోడ గడియారం మూడూ ఏడు చూపిస్తోంది. నడవా తుడిచే ఆవిడ నా కాళ్ళ దగ్గర బకెట్టు వదిలేసి ఎవరో పిలిస్తే వెళ్ళిపోయింది. గుడ్డ పిండిన నీళ్ళు, బూడిద రంగులో, ఇంకా గుండ్రంగా తిరుగుతున్నాయి. మందుల వాసన, తడి సున్నం వాసన, ఎక్కడో పాలు పొంగి మాడిన వాసన. వాసనలు విడదీయడం నా వృత్తి. కళ్ళు మూసుకుని నూనె వాసన చూసి ఏ మిల్లుదో, గింజ ఎన్నాళ్ళ నిలవదో చెబుతాను. మనుషుల దగ్గర ఆ ముక్కు పనిచెయ్యలేదు.

"మీదెంత?" అన్నాడు పక్కన కూర్చున్నాయన. బిళ్ళ చూపించాను. "పద్దెనిమిదా. నాది పదిహేడు. మీకంటే ఒక స్టాపు ముందు దిగుతాను." ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాడట. లోపల వాళ్ళావిడ. "నలభై ఏళ్ళు తిట్టిందండీ నన్ను. ఇప్పుడు నా పేరు గుర్తులేదు, తిట్లు మాత్రం ఒక్కటీ మర్చిపోలేదు. రోజూ వచ్చి కాసిని తిని పోతుంటాను." నవ్వాను. ఆయన నవ్వలేదు. "మీకెవరు?" అన్నాడు. తమ్ముడన్నాను. "మాట్లాడతాడా?" లేదన్నాను. "అయితే మీ పని నయం" అన్నాడు. "కాదులెండి, నయం కాదు" అని తనే దిద్దుకున్నాడు.

మాట్లాడడు. మాటలతో బతికినవాడు. మా నాన్న నూనె కొట్టు నాకు వచ్చింది, వాడికి రాలేదు, వాడు అడగనూ లేదు. వాడు నిఘంటువు పనిలో చేరాడు. పెద్దవాళ్ళు నలుగురు కూర్చుని రాసే నిఘంటువుకి ఊళ్ళు తిరిగి మాటలు ఏరుకురావడం, అచ్చయ్యేటప్పుడు తప్పులు దిద్దడం వాడి ఉద్యోగం. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక కట్ట అట్టముక్కలు ఉండేవి. బజారులో జనం వాడిని పదాలాయన అనేవాళ్ళు. చాకలి దగ్గరికి వెళ్ళి దీన్నేమంటారు, వడ్రంగి దగ్గరికి వెళ్ళి దాన్నేమంటారు. వచ్చి నా గల్లా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, అన్నయ్యా, నూనె అడుగున దిగేదాన్ని మడ్డి అంటారు సరే, పైన మిగిలినదాన్ని ఏమంటారు? తేట అంటాం. అలా అవడాన్ని? తేరడం అంటాం. ఇంకా? ఇంకేముందిరా, అవతల డబ్బాలు పట్టాలి, లే. లేచేవాడు కాదు. నాకు పని అడ్డం, కానీ వాడు రాని రోజు ఆ ముక్కాలిపీట మీద ఎవర్నీ కూర్చోనిచ్చేవాణ్ణి కాను. ఈ సంగతి వాడికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన మాట అనిపించలేదు. అన్నదమ్ముల మధ్య కొన్ని వాటంతట అవే చేరతాయనుకున్నాను. ఏ సరుకూ దానంతట అది చేరదని తెలిసిన వర్తకుణ్ణే.

మిల్లు నుంచి వచ్చిన కొత్త నూనె మజ్జిగలా ఉంటుంది. దాన్ని పీపాల్లో పోసి చీకటి గదిలో తొమ్మిది రోజులు వదిలేస్తాం. ఇప్పుడు యంత్రాలు వచ్చాయి, అరగంటలో వడగట్టేస్తాయి, నేను మాత్రం మానలేదు. పీపాకి కుళాయి అడుగున ఉండదు, నాలుగు వేళ్ళ ఎత్తున ఉంటుంది. మడ్డి ఆ నాలుగు వేళ్ళ లోపల దిగుతుంది, కుళాయి తిప్పితే పైనున్న తేట వస్తుంది. కానీ పీపాని కదపకూడదు. ఆ గదిలో గట్టిగా అడుగు వెయ్యకూడదు. తమ్ముడు ఏడేళ్ళప్పుడు ఆ గదిలో దాక్కోబోయి పీపా మీదెక్కి దూకాడు. నాన్న కొట్టలేదు. "మళ్ళీ తొమ్మిది రోజులు" అన్నాడంతే. వాడు ఏడుపు దిగమింగి, "తొమ్మిది రోజులయ్యాక ఆ మురికి ఎక్కడికి పోతుంది నాన్నా" అన్నాడు. నాన్నకి ఆ ప్రశ్న పనికిమాలినదిగా తోచింది. నాకూ అంతే. మా ఇంట్లో ఏ గొడవ వచ్చినా నాన్న చేసింది ఒకటే, గొంతు తగ్గించి తలుపు దగ్గరికి వేసేవాడు. అన్నీ దిగిపోతాయని నేర్చుకున్నాను. కొట్టుతో పాటు నాకు దఖలుపడినవాటిలో అదొకటి.

మూడూ ఇరవై అయిదు. బకెట్టులో తిరగడం ఆగింది.

ఒకరోజు వాడు అట్టముక్క తెచ్చి నా ముందు పెట్టాడు. నిమ్మళం. "ఇది అమ్మ మాట కదన్నయ్యా. దీని పుట్టుక దొరికింది. నిర్మలం. మలం లేనిది, మురికి పోయినది. రకారం అరిగిపోయి నిమ్మళం అయింది. ముందు నీళ్ళకి అనుంటారు, తర్వాత మనసుకి అన్నారు." వాడి మొహం చూడాలి, దారిలో ఏదో దొరికినవాడిలా ఉంది. నేను కొలకర్ర పీపాలో దించుతున్నాను. తీసి చూపించాను, కింద నాలుగు వేళ్ళ మేర నల్లగా. "మురికి పోవడమేమిట్రా, ఇదిగో ఇక్కడే ఉంది. పోదు. దిగుతుంది. పైన తేటగా కనిపిస్తుంది కాబట్టి పోయిందంటాం." వాడు చాలాసేపు ఆ కర్ర వైపు చూశాడు. "అయితే నిమ్మళంగా ఉన్నవాడి అడుగున కూడా ఉంటుందా?" "కదిపి చూస్తే తెలుస్తుంది" అన్నాను. "నీ మాటే రాస్తానన్నయ్యా" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. నేను చదివింది ఎనిమిదో తరగతి. కొట్టు మూసేదాకా ఆ రోజు ఎవరితోనూ బేరమాడలేదు.

ఆ గర్వం, ఇంకొకటి, రెండూ ఒకే గుండెలో ఉన్నాయంటే నాకే నమ్మబుద్ధి కాదు. రెండోది వాడు పుట్టినప్పటి నుంచీ ఉంది. అమ్మ వంటగదిలోంచి పిలిచే పిలుపు వాడికొక రకంగా, నాకొక రకంగా ఉండేది. నన్ను పనికి పిలిచేది. వాడిని ఊరికే పిలిచేది. పెద్దాడా, ఈ బిందె అందుకో. చిన్నాడా, ఎక్కడున్నావురా. అంతే తేడా. ఎవరికైనా చెబితే నవ్వుతారు. యాభై ఏళ్ళవాడికి, ఇద్దరు పిల్లల తండ్రికి ఇది గుచ్చుకుంటోందని ఎలా చెప్పడం? చెప్పలేదు. దిగుతుందనుకున్నాను.

ఆరేళ్ళ కిందట అమ్మ మంచం పట్టింది. వాడు పక్క ఊరి అచ్చాఫీసులో మూడో సంపుటం ఆఖరి ప్రూఫుల మీద ఉన్నాడు. మొదటి రోజు అమ్మే అంది, "వాడి పని చెడగొట్టకురా, నాకేం కాలేదు." అయినా ఫోను చేశాను, మోగింది, అవతల ఎవరో హలో అన్నారు, పెట్టేశాను. అది మొదటి రోజు కాబట్టి తప్పు కాదు. రెండో రోజు అమ్మ, "చిన్నాడు వచ్చాడా" అంది. "బయల్దేరాడమ్మా" అన్నాను. మూడో రోజు తలుపు చప్పుడైన ప్రతిసారీ అడిగింది. పాలవాడు వచ్చినా అడిగింది, గాలికి కొట్టుకున్నా అడిగింది. ఫోను నా చేతికందేంత దూరంలో ఉంది. మా ఆవిడ అంది, "ఇంకా కబురు చెయ్యలేదా, మీకేమైనా మతిపోయిందా?" "డాక్టరు ఫరవాలేదన్నాడు, కాస్త ఆగు" అన్నాను. డాక్టరు అలా అనలేదు. ఎందుకు ఆగానో ఈ బల్ల మీద కూర్చుని అయినా సరిగ్గా చెప్పుకోవాలి. అమ్మకి అన్నం పెడుతున్నది నేను, పక్క మారుస్తున్నది నేను, మూడు రాత్రులు కన్ను మూయనిది నేను. వాడు గుమ్మంలో అడుగుపెడితే అమ్మ మొహం ఎలా వెలుగుతుందో నాకు తెలుసు. అది చూడదల్చుకోలేదు. అంతకంటే పెద్ద కారణమేదీ లేదు. ఇంత చిన్న కారణానికి అంత పని చేశాను.

నాలుగో రోజు పొద్దున అమ్మకి చూపు ఆనలేదు. నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి పట్టుకుని, "వచ్చావా చిన్నాడా" అంది. వచ్చానమ్మా అన్నాను. గొంతు కాస్త సన్నం చేసి అన్నాను. అది ఎందుకు చేశానో, అమ్మ కోసమో నా కోసమో, ఆ లెక్క తేలలేదు, తేలదు. నా వేళ్ళు నూనె వాసన వేస్తాయి, తమ్ముడివి సిరా వాసన, అమ్మకి ఆ తేడా కూడా తెలియలేదు. చెయ్యి వదల్లేదు. నా తల నిమిరింది. నాకు ఊహ తెలిశాక అదే మొదటిసారి. "నీ దగ్గరుంటేనే నాకు నిమ్మళంరా. అన్నయ్యతో అనకు, వాడు కష్టపెట్టుకుంటాడు" అంది. అననమ్మా అన్నాను. మధ్యాహ్నానికి పోయింది. నిమ్మళంగానే పోయింది, ఆ మాట అబద్ధం కాదు. చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని పోయాననుకుంది.

"ఒక ముక్క అడగనా" అన్నాడు డ్రైవరు. "మీ పెదాలు కదులుతున్నాయి. ఏమైనా బట్టీ పడుతున్నారా?" అవునన్నాను. "నేనూ మొదట్లో అలాగే పట్టేవాణ్ణి. లోపలికెళ్ళాక ఏదీ గుర్తుండదు. రోడ్డు చూసుకుంటూ పోవడమే." మూడూ నలభై. బకెట్టులో నీళ్ళు పైన గాజులా ఉన్నాయి, గోడ మీది కిటికీ అందులో కనిపిస్తోంది. అడుగున వేలెడు మందాన నల్లటి బురద.

అన్నీ అయిపోయిన రెండో రోజు వాడు వచ్చాడు. అప్పుడు కబురు చేశాను మరి. గుమ్మంలో చెప్పులు విప్పి, వంటగదిలోకి వెళ్ళి తనే మంచినీళ్ళు ముంచుకున్నాడు. "ఎలా పోయింది?" అన్నాడు. "నిమ్మళంగా పోయింది." "నన్ను అడిగిందా?" ఇక్కడ నాకు రెండు దారులున్నాయి. అడిగిందంటే, మరి ఎందుకు పిలవలేదంటాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర సరుకు లేదు. "లేదు. ఎవర్నీ అడగలేదు" అన్నాను. వాడు గ్లాసులో మిగిలిన నీళ్ళు పారబోసి, అమ్మ బోర్లించినట్టే కిటికీలో బోర్లించి వెళ్ళిపోయాడు. అరుస్తాడనుకున్నాను, చొక్కా పట్టుకుంటాడనుకున్నాను. ఏమీ లేదు, పైకి తేటగా ఉన్నాడు. నేను ఏం చేశాను? మా నాన్న కొడుకుని, తలుపు దగ్గరికి వేశాను. దిగనీ అనుకున్నాను. తొమ్మిది రోజులు ఆగాను, తొమ్మిది వారాలు ఆగాను, ఆరేళ్ళు ఆగాను. పీపాకైతే నాలుగు వేళ్ళ ఎత్తున కుళాయి ఉంటుంది. తమ్ముడికి ఎక్కడుందో చూసుకోకుండా ఊరికే ఆగితే ఏం ప్రయోజనమని నాకు తట్టలేదు.

రెండో ఏడు పోస్టులో మూడో సంపుటం వచ్చింది. ఉత్తరం లేదు, పైన నా చిరునామా మాత్రం వాడి రాత. కొట్లో గల్లా పక్కన పెట్టుకుని పేజీలు తిప్పాను. నిమ్మళం ఉంది. నిర్మలం నుంచి వచ్చిందని ఉంది. కింద ఇంకో వరుస: మడ్డి దిగాక పైన నిలిచే తేట, మనసు కుదుట, నూనె వర్తకుల వాడుక. నా మాట. దాని కింద వాడుకకి ఉదాహరణ ఇచ్చే చోట, 'అమ్మ నిమ్మళంగా పోయింది. ఎవర్నీ అడగలేదు' అని ఉంది. ప్రతి మాటకీ ఎవరైనా నిజంగా అన్న వాక్యమే వెయ్యాలని వాడి నియమం. సొంతంగా అల్లినవి వేసేవాడు కాదు. నేనన్నది నిజమని నమ్మి ఆఖరి ప్రూఫులో ఎక్కించాడు. అంటే ఆ రోజు మా ఇంట్లోంచి తిన్నగా అచ్చాఫీసుకి వెళ్ళాడన్నమాట. బడుల్లో ఉంది, గ్రంథాలయాల్లో ఉంది, పిల్లలు చూసి రాసుకుంటారు. నేను కల్తీ సరుకు ఒక్క డబ్బా కూడా అమ్మలేదని బజారంతా చెప్పుకుంటారు.

నాలుగు కొట్టింది. తుడిచే ఆవిడ వచ్చి బకెట్టు ఒక్క ఊపున ఎత్తింది, నీళ్ళు మళ్ళీ బూడిద రంగుకి తిరిగాయి. "కాళ్ళు తియ్యండి బాబూ, ఇందాకట్నించీ కూర్చున్నట్టున్నారు" అంటూ వెళ్ళిపోయింది. డ్రైవరు లేచి జుట్టు సర్దుకున్నాడు. "నా స్టాపు వచ్చింది" అన్నాడు.

తమ్ముడు కిటికీ పక్క మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. సగం మొహం వాడిది, సగం ఎవరిదో. తల దువ్వి ఉంది. మరదలు నన్ను చూసి లేచి స్టూలు ఇచ్చింది. "బావగారు వచ్చారు చూడండి" అని వాడి చెవి దగ్గర చెప్పింది. వాడు నన్ను చూశాడు. కోపం లేదు, ఏమీ లేదు, ఆ కిటికీని చూసినట్టే చూశాడు. "ఏం గొడవ చెయ్యరండీ. పెట్టింది తింటారు, ఎటు తిప్పితే అటు చూస్తారు" అంది సిస్టరు. "చెప్పింది అర్థమవుతుందా" అన్నాను. "కొంత అవుతుందంటారు డాక్టరుగారు. ఎంతో మాత్రం తెలీదు." మరదలు ఫ్లాస్కు పట్టుకుని వేడినీళ్ళకి వెళ్ళింది. వెళ్తూ గుమ్మంలో ఆగి నా వైపు ఒకసారి చూసింది. కదపకండి అని ఆ చూపు.

మళ్ళీ మూసి వెళ్ళిపోవచ్చు. అలా చేస్తే అందరూ నిమ్మళంగా ఉంటారు. అయిదు నిమిషాలు వాడి చెయ్యి చూస్తూ కూర్చున్నాను. వేళ్ళ మీద ఎప్పుడూ ఉండే ఎర్ర సిరా మరక ఈ రెండు నెలల్లో వెలిసిపోయింది. అప్పుడు చెప్పాను. "చిన్నాడా, అమ్మ నిన్ను అడిగింది. మూడు రోజులు అడిగింది. నేనే పిలవలేదు. ఆఖర్న నా చెయ్యి పట్టుకుని నువ్వనుకుంది. నీ దగ్గరుంటేనే నాకు నిమ్మళంరా అంది. అది నీతో అంది, నాతో కాదు." బట్టీ పట్టినది ఇంకా చాలా ఉంది. అక్కడికే ఆగిపోయింది.

వాడి కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. చేరలేదనుకున్నాను. సిగ్గుచేటు కానీ, కాస్త తేలిగ్గా కూడా అనిపించింది. అంతలో ఎడం చెయ్యి లేచింది. గాలిలో ఏదో తిప్పినట్టు, కాగితాలు తిరగేసినట్టు తిప్పింది, ఆ పేజీ కోసమని నాకు తెలుసు, దిద్దడానికి. తర్వాత ఆ చెయ్యి పక్కనున్న పళ్ళేన్ని కొట్టింది. గ్లాసు పడింది. నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది, మాట కాదు, మాట అడుగున ఉండేది. మళ్ళీ వచ్చింది. ఆగలేదు. సిస్టరు పరిగెత్తుకొచ్చింది, నన్ను పక్కకి నెట్టి వాడి భుజాలు పట్టుకుంది. మరదలు ఫ్లాస్కు కింద పెట్టేసి వాడి తల పొట్టకి ఆనించుకుంది. వాడు ఆమె మీంచి నన్నే చూస్తున్నాడు. మొహంలో ఆ వాడిది కాని సగం కూడా కదులుతోంది.

"ఏం చెప్పారు బావగారూ?"

వంగి కింద పడ్డ గ్లాసు తీశాను.

"ఇంత నిమ్మళంగా ఉన్న మనిషిని" అంది. గొంతు పెంచలేదు. "రెండు నెలలు పట్టింది నాకు. ఇక రావద్దు బావగారూ. దయచేసి."

నడవాలోకి వచ్చాను. ఆ చప్పుడు తలుపు దాటి వస్తోంది. డ్రైవరు అప్పటికే బయట బల్ల మీద ఉన్నాడు, ఇవాళ వాళ్ళావిడ నిద్రపోతోందట, తిట్లు దొరకలేదట. నా మొహం చూసి జరిగి చోటిచ్చాడు. కూర్చోలేదు. బిళ్ళలిచ్చే కిటికీ దగ్గర నాది తిరిగి ఇచ్చేశాను. గుమాస్తా పద్దెనిమిది అని పైకి చదివి కొక్కేనికి తగిలించాడు.

సరుకు చేరింది. అందిందని చెప్పడానికి వాడికి మాట లేదు, ఎందుకు దాచావని అడగడానికీ లేదు, నన్ను తిట్టడానికీ లేదు. ఆ పుస్తకంలో ఆ వరుస అలాగే ఉంటుంది, దిద్దేవాడు వాడొక్కడే. బరువు దించితే నాకు నిమ్మళిస్తుందని ఎక్కడో ఆశ పెట్టుకున్నాను, మెట్ల మీద నిలబడి వెతికితే అది కనిపించలేదు. తాళాల గుత్తి ఉంది, చేతిరుమాలు ఉంది. ఇవి కాక ఈ గంటలో నేను కొత్తగా సంపాదించింది ఒకటే: వాడికి అర్థమైంది.